న్యూరెంబర్గ్‌లో నిజం చెప్పిన మారీ క్లోద్, ఆ తర్వాతి సాక్ష్యాన్ని ఏం చేద్దాం?

గోదారిగట్టు:
ఫ్రెంచి కమ్యూనిస్టు మారీ క్లోద్ వయాన్ కుతూరియేని నిన్న ఇక్కడ ఎవరో "నిజానికి మారుపేరు" అన్నారు. నేను ఒప్పుకోను. నాజీల ఆష్విట్స్ మరణశిబిరం నుంచి బతికొచ్చి, నాజీ నాయకుల విచారణ జరిగిన 1946 జనవరి 28న న్యూరెంబర్గ్‌లో సాక్ష్యం చెప్పింది, దానికి దణ్ణం పెడతాను. కానీ అయిదేళ్లు తిరక్కుండానే పారిస్ కోర్టులో నిలబడి, సోవియట్ యూనియన్‌లో నిర్బంధ శిబిరాలు లేవని తనకు తెలుసునంది. నాజీల బూహెన్‌వాల్డ్ శిబిరంలో ఖైదీగా ఉండొచ్చిన ఫ్రెంచి రచయిత దావిద్ రూసే, సోవియట్ శిబిరాల మీద విచారణ జరగాలన్నాడు. ఒక కమ్యూనిస్టు వారపత్రిక ఆయనవి అబద్ధాలని రాస్తే దావా వేసి 1951లో గెలిచాడు. ఈవిడ ఆ పత్రిక తరఫు సాక్షి.

ఎర్రమందారం:
మళ్లీ అదే పాట. ఆవిడ జీవితమంతా ఆ ఒక్క రోజేనా? 1933లో, ఇరవై ఏళ్లకే జర్మనీ వెళ్లి నాజీల డఖావ్ శిబిరం ఫోటోలు తీసుకొచ్చింది, నాన్న నడిపే పత్రికలో వచ్చాయి. 1942 ఫిబ్రవరిలో అరెస్టు చేసింది ఫ్రెంచి పోలీసులే, వాళ్లే జర్మన్లకు అప్పగించారు. 1943 జనవరిలో 230 మంది ఆడవాళ్లున్న రైల్లో ఆష్విట్స్ పంపితే తిరిగొచ్చింది 49 మంది. ఆ ఫిబ్రవరి 5న తెల్లారుజామున మూడున్నర నుంచి సాయంత్రం అయిదు దాకా మంచులో నిలబెట్టారు, తిండి లేదు. తర్వాత గేటు దాకా పరిగెత్తమన్నారు, కర్రలతో కొడుతూ. పరిగెత్తలేని వాళ్లను పక్కకి లాగి, గ్యాస్ చాంబర్‌కి పంపేముందు ఉంచే 25వ బ్లాకుకి తోలారు. ఇదంతా కోర్టులో గొంతు వణక్కుండా చెప్పింది. ఇంత ఆరోగ్యంగా ఎలా ఉన్నావని డిఫెన్స్ లాయర్ అడిగితే, నేను విడుదలై ఏడాదయిందండీ అంది. ఇంకేం కావాలి మీకు?

కృష్ణాతీరం:
230లో 49 అన్నది ఆ ఒక్క రైలు లెక్కేనా?

ఎర్రమందారం:
అవునండి, ఆ ఒక్క రైలుదే.

గోదారిగట్టు:
నేను అడిగినదానికి జవాబు రాలేదు. మార్గరెట్ బూబర్ నాయ్‌మన్ అని జర్మన్ కమ్యూనిస్టు ఉంది. స్టాలిన్ ఆవిడని సోవియట్ కరగండ శిబిరంలో పెట్టి, 1940లో నాజీల చేతికి అప్పగించాడు. తర్వాత అయిదేళ్లు నాజీల ఆడవాళ్ల శిబిరం రావెన్స్‌బ్రూక్. 1944 ఆగస్టులో మారీ క్లోద్‌ని తరలించింది ఆ రావెన్స్‌బ్రూక్‌కే. 1949లో, సోవియట్‌ని వదిలి పారిపోయిన క్రావ్‌చెంకో అదే వారపత్రిక మీద వేసిన కేసులో బూబర్ నాయ్‌మన్ పారిస్ కోర్టుకొచ్చి రెండు శిబిరాల సంగతీ చెప్పింది. మరుసటేడు మారీ క్లోద్ సోవియట్ శిబిరాలు లేవంది. తనతోపాటు ఒకే ముళ్లకంచె లోపల ఉన్న మనిషి మాట చెవికెక్కలేదా?

ఎర్రమందారం:
రావెన్స్‌బ్రూక్ విడుదలయ్యాక కూడా జబ్బు మనుషుల్ని వదలలేక జూన్ దాకా అక్కడే ఉండిపోయింది. అది చెప్పరేం?

గోదారిగట్టు:
చెబుతాను, గొప్ప పని. మానవత్వంపై నేరాలకు కాలపరిమితి ఉండకూడదని 1964లో ఫ్రాన్స్ పార్లమెంటు చేసిన చట్టం కోసం పట్టుబట్టిందీ ఆవిడే. మరి అబద్ధానికి మాత్రం కాలపరిమితి ఎందుకు? ఆవిడ తప్పు చెప్పింది అని ఒక్క వాక్యం రాయండి చాలు.

పాలపిట్ట:
ఆ రోజుల్లో పార్టీ మాట దాటడం అంత తేలిక కాదు.

ఎర్రమందారం:
రాయను. మీలాంటి వాళ్లకు ఆ ఒక్క వాక్యం ఇస్తే మిగతాదంతా తుడిచేస్తారు. మా పెద్దమ్మ తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలకు చీటీలు మోసింది, కడుపుతో ఉండి కూడా. తర్వాత సభల్లో ఆవిడ్ని ముందు వరసలో కూర్చోబెట్టిన వాడు లేడు, పేరు రాసిన వాడు లేడు. ఆడమనిషి చేసింది మరిచిపోవడానికి అందరికీ ఏదో ఒక సాకు కావాలి.

గోదారిగట్టు:
నాకు సాకులు అక్కర్లేదు! 1956లో హంగరీలోకి సోవియట్ ట్యాంకులు ఎందుకెళ్లాయని మా తాతయ్య ఊరి మీటింగులో అడిగాడు. వారంలో పార్టీ నుంచి బయటికి పంపారు. దానికి ఆయన ఏడవలేదు. పదేళ్లు కలిసి జైల్లో ఉన్నవాళ్లు, ఒకే కంచంలో తిన్నవాళ్లు, వీధిలో ఎదురైతే మొహం తిప్పుకునేవాళ్లట. శత్రువు నమ్మకపోతే ఎవరికీ నొప్పి ఉండదండీ. నీతోపాటు దెబ్బలు తిన్నవాడు నువ్వు చెప్పేది అబద్ధం అంటే, అది ఇంకో రకం. బూబర్ నాయ్‌మన్ పేరు చదివినప్పుడల్లా నాకు తాతయ్యే గుర్తొస్తాడు.

పాలపిట్ట:
ఇది మీరు మొదటి పోస్టులోనే రాసుండాల్సింది.

ఎర్రమందారం:
(గంట తర్వాత) రెండు సార్లు రాసి చెరిపేశాను. రూసే కేసులో ఆవిడ చెప్పింది తప్పు. తెలిసి చెప్పిందా, తెలుసుకోకూడదని కళ్లు మూసుకుందా అన్నది నేను చెప్పలేను, రెండోది అనుకుంటాను, అయినా తప్పు తప్పే. కానీ ఆ ఫిబ్రవరి 5 మంచు గురించి చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా దీనివల్ల తగ్గదు. అది మీరు రాయండి.

గోదారిగట్టు:
తగ్గదు. రాశాను.

ఎర్రమందారం:
తాతయ్యవి కాగితాలేమైనా మిగిలాయా?

గోదారిగట్టు:
ట్రంకుపెట్టెలో సభ్యత్వ కార్డు ఉంది. వెనక్కి ఇచ్చేయమన్నా ఇవ్వలేదట.