పోలీసులకి పాత పెన్షన్ విడిగా ఇవ్వాలా, లేక ఉద్యోగులందరితో పాటేనా?

ఏఆర్_పీసీ_గుంటూరు:
నమస్తే అందరికీ. నేను ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్‌ని, సీపీఎస్‌లో ఉన్నా, అంటే జీతంలోంచి కట్ చేసి మార్కెట్‌లో పెట్టే పెన్షన్ స్కీమ్. 2004లో కేంద్రం ఎన్‌పీఎస్ అని ఇదే రకం స్కీమ్ తెచ్చినప్పుడు ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళని పక్కన పెట్టారు కదా, మరి పోలీసుని ఎందుకు పెట్టలేదు? మన ఏపీలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన వాళ్ళంతా సీపీఎస్సే, బేసిక్ ప్లస్ డీఏలో 10 శాతం నెలనెలా కట్ అవుద్ది. టీచర్లయితే రోడ్డెక్కుతారు, ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ఉద్యోగులు) సమ్మె నోటీసు ఇస్తారు, మాకు ఆ దారి లేదు, అసోసియేషన్ ఉన్నా వినతిపత్రం ఇచ్చి రావడమే. 2022 ఫిబ్రవరి 3న ఉద్యోగుల చలో విజయవాడ రోజు బస్సులు ఆపి ఐడీ కార్డులు అడిగింది మేమే, వాళ్ళ డిమాండ్లలో సీపీఎస్ రద్దు కూడా ఉంది, నేను దింపిన మాస్టారి జీతం బిల్లులో, నా జీతం బిల్లులో కట్ అయ్యే కాలమ్ ఒకటే అన్నా. అందుకే అంటున్నా, యూనిఫామ్ వాళ్ళకి ఓపీఎస్, అంటే పాత పెన్షన్, విడిగా ఇవ్వాలి.

ట్యాక్స్‌పేయర్_వైజాగ్:
పోలీసు కష్టం కాదనను బ్రదర్, కానీ ఒప్పుకోలేను. ఓపీఎస్‌లో ఫండ్ అంటూ ఏదీ ఉండదు, ఇవాళ్టి పెన్షన్ ఇవాళ్టి ట్యాక్స్‌లోంచే పోవాలి. రాష్ట్రాలన్నీ ఓపీఎస్‌కి వెళ్తే భారం ఎన్‌పీఎస్‌కి 4.5 రెట్ల దాకా పోవచ్చని 2023లో ఆర్బీఐ బులెటిన్‌లోనే రాశారు. రిస్క్ ఉందంటే రిస్క్ అలవెన్స్ పెంచండి, ఇన్సూరెన్స్ పెంచండి, వీక్లీ ఆఫ్ ఇవ్వండి, సర్వీసులో ఉండగానే అందుతుంది. పడాల్సిన కష్టమంతా పడ్డాక ముప్పై ఏళ్ళకి ఇచ్చే పెన్షన్ రిస్క్‌కి పరిహారం ఎలా అవుద్ది?

ట్రెజరీ_రిటైర్డ్:
చర్చ మంచిదే గానీ లెక్క చూసుకుని మాట్లాడండి బాబూ. రిటైరయ్యే నాటికి బేసిక్ 60,000 అనుకుందాం. పాత పద్ధతిలో ఫుల్ సర్వీసుంటే అందులో సగం, 30,000, పైన డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం. డీఆర్ పెరిగినప్పుడల్లా పెన్షన్ పెరుగుద్ది, పీఆర్సీ (వేతన సవరణ) వస్తే మళ్ళీ ఫిక్స్ చేస్తారు, మనిషి పోతే భార్యకి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. అదే సీపీఎస్‌లో ప్రాన్ అకౌంట్‌లో (మన పేరు మీదుండే పెన్షన్ ఖాతా) 40 లక్షలు పోగైందనుకోండి, 24 లక్షలు చేతికి ఇస్తారు, మిగతా 16 లక్షలు యాన్యుటీలో (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా ప్లాన్) పెడితే ఆరు, ఆరుంపావు శాతం లెక్కన నెలకి ఎనిమిది వేల చిల్లర. ఆ ఎనిమిది వేలు 85 ఏళ్ళ వయసులో కూడా ఎనిమిది వేలే, డీఆర్ లేదు. ఆ 24 లక్షలు దాచుకోవచ్చు కదా అంటారు, దాచుకోవచ్చు, పిల్ల పెళ్ళి, ఇంటి లోను లేకపోతే. నా కౌంటర్ ముందు నిలబడ్డ కానిస్టేబుళ్ళలో అవి రెండూ లేని వాళ్ళు తక్కువ.

సీఆర్‌పీఎఫ్_శ్రీకాకుళం:
అన్నా, యూనిఫామ్ ఉంటే వస్తుందనుకోకండి. మేం ఛత్తీస్‌గఢ్ అడవుల్లో తిరుగుతాం, మాకూ ఎన్‌పీఎస్సే. 2023 జనవరి 11న ఢిల్లీ హైకోర్టు కేంద్ర బలగాలు కూడా సాయుధ బలగాలే, పాత పెన్షన్ ఇవ్వండి అని తీర్పిచ్చింది, స్వీట్లు పంచుకున్నాం, తర్వాత కేంద్రం సుప్రీంకోర్టుకి వెళ్ళి స్టే తెచ్చుకుంది. రాజ్యాంగంలో యూనియన్ సాయుధ బలగాలు అని రాసుంది కాబట్టి మాకు కనీసం ఆ వాదనైనా ఉంది, స్టేట్ పోలీసుకి అది కూడా దొరకదు. మీరు కోర్టు మీద కాకుండా అసెంబ్లీ మీద పోరాడాలి.

శాక్రమెంటో_తెలుగు:
ఇక్కడ కాలిఫోర్నియాలో పోలీసు, ఫైర్ వాళ్ళకి పెన్షన్ విడిగానే ఉంటుందండి, సేఫ్టీ కేటగిరీ అంటారు. 1999లో హైవే పెట్రోల్‌కి 50 ఏళ్ళకే ఏడాది సర్వీసుకి 3 శాతం చొప్పున ఇచ్చారు, అంటే 30 ఏళ్ళు చేస్తే జీతంలో 90 శాతం. చాలా సిటీలు అదే ఇచ్చాయి. 2008లో వల్లేహో అనే ఊరు దివాలా పిటిషన్ వేసింది, పోలీసు, ఫైర్ జీతాలు, పెన్షన్లు ప్రధాన కారణాల్లో ఒకటి. 2013 నుంచి కొత్తగా చేరే వాళ్ళకి తగ్గించారు, అయినా 57 ఏళ్ళకి ఏడాదికి 2.7 శాతం దాకా ఉంది, ఉద్యోగి కూడా జీతంలోంచి కడతాడు. విడిగా ఇవ్వడం తప్పు కాదు, ఫండ్ లేకుండా ఇవ్వడమే తప్పు అని నా ఉద్దేశం.

మాస్టారు_ఒంగోలు:
తమ్ముడూ, ఆ రోజు బస్సు దింపిన వాళ్ళ మీద మాకేం కోపం లేదు. కానీ విడిగా అనొద్దు. పోలీసుకి ఇచ్చేస్తే మిగతా వాళ్ళ గొంతు సగం తగ్గిపోద్ది, ఏ ప్రభుత్వమైనా కోరుకునేది అదే. 2019 ఎన్నికల ముందు, గెలిస్తే వారంలో సీపీఎస్ రద్దు అన్నారు, చివరికి 2023లో జీపీఎస్ (గ్యారంటీ పెన్షన్) అని చట్టం తెచ్చారు. అంగన్‌వాడీ నుంచి ఎస్సై దాకా అని నేననడం లేదు, కనీసం సీపీఎస్ కట్ అయ్యే ప్రతి ఒక్కరూ ఒకే మాట మీద ఉండాలి.

ఏఆర్_పీసీ_గుంటూరు:
మాస్టారూ, మీతో కలిసి నడవడానికి మాకు పర్మిషనే లేదు కదా, కలిసి ఉండమంటే ఎలా ఉండాలి? ఇంకోటి, నైట్ డ్యూటీలు, బందోబస్తులు చేసిన ఒళ్ళు 62 దాకా లాగాలి, మా యూనిట్‌లో యాభై దాటిన వాళ్ళ జేబులో బీపీ, షుగర్ గోళీలు లేని వాడు కనపడడు. రిటైరయ్యాక సెక్యూరిటీ గార్డుగా చేరి మళ్ళీ రాత్రుళ్ళు నిలబడాలా? వైజాగ్ బ్రదర్, అలవెన్స్ ఎంత పెంచినా ఇది తీరదు.

హెచ్‌సీ_గారి_భార్య:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆయన హెడ్ కానిస్టేబుల్, సీపీఎస్‌లో ఉన్నారు, హైవే డ్యూటీ. సర్వీసులో ఉండగా ఏదైనా అయితే మాకేం వస్తుంది? ఎవర్ని అడిగినా సరిగ్గా చెప్పట్లేదు.

ట్రెజరీ_రిటైర్డ్:
అమ్మా, ఏపీ, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ సర్వీసులో చనిపోయిన సీపీఎస్ ఉద్యోగి కుటుంబానికి ఫ్యామిలీ పెన్షన్ జీవోలున్నాయి. దాన్ని ఎంచుకోవచ్చు, లేదా ప్రాన్‌లో ఉన్న డబ్బు వైపు వెళ్ళొచ్చు, రెండూ పూర్తిగా రావు. గ్రాట్యుటీ కూడా ఉంది. ఇవాళే మీవారి ప్రాన్‌లో నామినీ పేరు చూడండి, పెళ్ళికి ముందు చేరిన చాలామందికి అమ్మ పేరే ఉండిపోతుంది. సర్వీస్ రిజిస్టర్‌లో కుటుంబ వివరాలు కూడా ఎక్కించమనండి, లేకపోతే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఏఆర్_పీసీ_గుంటూరు:
అదే నేననేది సార్. డ్యూటీలో చచ్చిపోతే పాత పద్ధతి పెన్షన్ ఇస్తున్నారు, అంటే సీపీఎస్ ఆ కుటుంబానికి చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. బతికి బయటపడి రిటైరైన వాడికి మాత్రం మార్కెట్ చూసుకో అంటున్నారు.

ట్యాక్స్‌పేయర్_వైజాగ్:
ఈ పాయింట్‌కి నా దగ్గర జవాబు లేదు, నిజమే. కానీ నేను ఒప్పుకునేది ఇంతవరకే: 50 శాతం గ్యారంటీ, డీఆర్ ఇవ్వండి, ఉద్యోగి 10 శాతం కడుతూనే ఉండాలి, ప్రభుత్వ వాటా ఏ నెలకా నెల అకౌంట్‌లో పడాలి. కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి తెచ్చిన యూపీఎస్ (యూనిఫైడ్ పెన్షన్ స్కీమ్) దాదాపు అలాంటిదే, 25 ఏళ్ళ సర్వీసుకి చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం.

ఏఆర్_పీసీ_గుంటూరు:
యూపీఎస్‌లో ఫుల్‌కి 25 ఏళ్ళు కావాలి, మా వాళ్ళు చాలామంది ముప్పై లోపే సెలెక్ట్ అవుతారు, 62 దాకా చేస్తే ఆ 25 నిండుతాయి, వాళ్ళకి పర్వాలేదు. మధ్యలో మెడికల్‌గా అన్‌ఫిట్ అయిన వాడి సంగతి చెప్పండి, అక్కడ నుంచి మాట్లాడుకుందాం.