స్ట్రుడియెల్లా నిజంగా కీటకమేనా? ఇంత పాడైన శిలాజానికి కొత్త పేరు పెట్టొచ్చా?

తూనీగ_తోక:
తెలియనివాళ్ల కోసం. బెల్జియంలోని స్ట్రుడ్‌లో దాదాపు 37 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో 8 మిల్లీమీటర్ల జీవి ముద్ర ఒకటి దొరికింది. 2012లో గారూస్ట్ బృందం నేచర్ పత్రికలో ఇది కీటకమని చెప్పి స్ట్రుడియెల్లా డెవోనికా అని పేరు పెట్టింది. 2013లో అదే పత్రికలో హోర్న్‌షెమయర్, ఇంకొందరు కలిసి కీటకమనడానికి వాళ్లు చూపిన లక్షణాలేవీ నమ్మదగ్గవి కావని రాశారు. నా లెక్కలో పేరు పెట్టడమే తొందరపాటు.

రాళ్లసంచి:
తొందరపాటేంటండీ? ఆరు కాళ్లు, పొడవాటి మీసాలు, మూడుకోణాల దవడలు, పది ఖండాల పొట్ట, ఇన్ని కలిసి ఒకే ముద్రలో కనిపిస్తున్నాయని వాళ్లు వివరంగానే చూపించారు. పైగా సుమారు 38.5 నుంచి 32.5 కోట్ల ఏళ్ల మధ్య కీటక శిలాజాలు లేనట్టే. అలాంటి చోట దొరికినదాన్ని పెట్టెలో పడేసి మూత పెట్టేయమంటారా?

తూనీగ_తోక:
ఆ ఖాళీ వల్లే అనుమానం. అక్కడ ఏదో ఒకటి దొరకాలని ఎదురుచూసేవాళ్లకు ప్రతి మరకా కాలులాగే కనిపిస్తుంది.

భూతద్దం_బాబాయ్:
మీరిద్దరూ కుళ్లడం గురించి మాట్లాడట్లేదు. జీవి చచ్చి నీళ్లలో నానితే కాళ్లు ఊడతాయి, ఖండాలు కలిసిపోతాయి, మెత్తటి భాగాలు ముందే పోతాయి, కాబట్టి రాయిలో రెక్క కనబడకపోతే అది రెక్కల్లేని జీవి అనడానికి లేదు, అలాగే ఆరు కాళ్లే కనబడితే ఆరే ఉండేవనీ అనలేం. స్ట్రుడ్‌లోనే రొయ్యల కుటుంబానికి దగ్గరైన చిన్న క్రస్టేషియన్లు కూడా దొరికాయి. కుళ్లిన క్రస్టేషియన్ కాదని ముందు తేల్చాలి, ఆ పని కీటకం అంటున్నవాళ్లదే.

స్కాట్లాండ్‌లో రైనీ చెర్ట్ అనే పాత రాళ్లలో దొరికిన రైనియోగ్నాథా శిలాజం సంగతి చూడండి. ఉన్నవి ప్రధానంగా రెండు దవడలు. 1928లో టిలియార్డ్ పేరు పెట్టాడు. 2004లో ఎంగెల్, గ్రిమాల్డి ఆ దవడల కీళ్లు చూసి రెక్కల కీటకం కావచ్చన్నారు. 2017లో హౌగ్ దంపతులు కాదు, జెర్రుల వర్గానికి దగ్గరన్నారు. పేరు మాత్రం అదే! కాబట్టి పేరు పెట్టడం నేరమేం కాదు, ఆ నమూనా గురించి మాట్లాడుకోవడానికి ఏదో ఒక పేరు కావాలి. నా గొడవల్లా దాన్ని కీటకాల గడిలో స్థిరంగా కూర్చోబెట్టడంతోనే.

రాళ్లసంచి:
బాబాయ్, సందేహం ఉందని రాసి వదిలేస్తే ఎవరూ మళ్లీ తిరిగి చూడరు. గట్టిగా అన్నారు కాబట్టే ఇంతమంది పరీక్షించారు. హోర్న్‌షెమయర్ వాళ్ల వాదనకు గారూస్ట్ వాళ్లు జవాబు కూడా ఇచ్చారు, అదీ చదవండి.

భూతద్దం_బాబాయ్:
చదివాను. ఉన్న ఒక్క నమూనానే ఇద్దరూ రెండు రకాలుగా చదువుతున్నారు. సరే, మీ మాట ప్రకారమే గట్టిగా అననివ్వండి, కానీ డీఎన్ఏ తేడాలతో వంశవృక్షం వయసు కట్టేవాళ్లు ఇలాంటి శిలాజాన్ని తేదీగా వాడితే ఆ తప్పు పైకొమ్మల దాకా పాకుతుంది. అక్కడ మాత్రం దీన్ని వాడొద్దు.

తూనీగ_తోక:
వాడొద్దని ఒప్పుకున్నాక ఇక కీటకం అనడం దేనికి? ఆర్థ్రోపోడా అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెడితే సరిపోదా?

రాళ్లసంచి:
సరిపోదు. ఆర్థ్రోపోడా అంటే పీత నుంచి సాలీడు దాకా అన్నీ వస్తాయి. అంత మాత్రం చెప్పడానికి నేచర్‌లో పేపర్ ఎందుకు?