అప్‌డేట్: కాంబో బిల్లు లెక్క కుదిరింది

బెంగళూరు మారతహళ్ళిలో మా బాబాయి టిఫిన్ సెంటర్‌కి రాస్తున్న బిల్లింగ్ యాప్‌లో, కాంబో లోపల ఇంకో కాంబో ఉంటే మొత్తం తప్పొస్తోందని అడిగాను కదా. మీరు చెప్పిన కాంపోజిట్ ప్యాటర్న్‌లోకి (విడి వస్తువునీ, వాటి గుంపునీ ఒకేలా చూసే కోడ్ పద్ధతి) మార్చాను. ఇడ్లీకీ, కాంబోకీ ఇప్పుడు ఒకటే ఇంటర్‌ఫేస్, అంటే రెండింటినీ ధర ఒకేలా అడగొచ్చు. ఇడ్లీ తన 40 చెబుతుంది, కాంబో తన లోపలి వాటిని అడిగి కూడుతుంది. 90 రూపాయల కాంబోలు రెండు, కేసరిబాత్ 50: ఫ్యామిలీ ప్యాక్ 230 సరిగ్గా వచ్చింది! ఇంతకుముందు 50 మాత్రమే చూపించేది.

కాంబోలో ఐటెమ్ వేసే ‘చేర్చు’ మెథడ్ ఎక్కడ పెట్టాలో తేలక రెండు రోజులు ఆగాను. ఇంటర్‌ఫేస్‌లో పెడితే ఇడ్లీలో వడ చేర్చమన్నా కోడ్‌ను అనువదించే కంపైలర్ తప్పు పట్టకుండా ఊరుకుంటుంది. అందుకే కాంబో క్లాస్‌లోనే ఉంచాను, నాకదే నయమనిపించింది. కాంబోను పొరపాటున దానిలోనే చేరిస్తే, ధర కోసం తనని తానే అంతులేకుండా అడుగుతూ స్టాక్ ఓవర్‌ఫ్లో (మెమరీ నిండి ప్రోగ్రామ్ ఆగిపోవడం) వచ్చింది. చేర్చేముందు ఆ చెక్ కూడా పెట్టాను. అందరికీ చాలా థ్యాంక్స్.