ఆల్‌మన్ బ్రదర్స్ ఫిల్మోర్ ఈస్ట్ 1971: ఆ 23 నిమిషాల పాట ఎలా వినాలి?

బెజవాడ_బేస్

అందరికీ నమస్తే. నేను డీప్ పర్పుల్, పింక్ ఫ్లాయిడ్ బ్యాచ్. మా ఆఫీసులో ఒక సీనియర్ గారు ఉన్నారు, లైవ్ ఆల్బమ్ అనే మాట ఎవరి నోట్లోంచి వచ్చినా చాలు, ఆల్‌మన్ బ్రదర్స్ ఫిల్మోర్ ఈస్ట్ విన్నావా లేదా అని మొదలెడతారు. ఆల్‌మన్ బ్రదర్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1971లో న్యూయార్క్‌లోని ఫిల్మోర్ ఈస్ట్ హాల్లో వాయించిన లైవ్ ఆల్బమ్ అది. సరే ఆ ముచ్చటా తీరుద్దామని ఆదివారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నా. మొదటి పాట స్టేట్స్‌బరో బ్లూస్ అదిరిపోయింది, ఆ స్లయిడ్ గిటార్ వినగానే వాల్యూమ్ పెంచేశా. స్టార్మీ మండే కూడా బాగుంది. తర్వాతే ఇబ్బంది. యూ డోంట్ లవ్ మీ 19 నిమిషాలు, విప్పింగ్ పోస్ట్ 23 నిమిషాలు, మధ్యలో పాట ఎటు పోయిందో నాకైతే తెలీలేదు, ఒకచోట బ్యాండ్ మొత్తం ఆపేసి ట్యూనింగ్ చేసుకుంటున్నారేమో అనిపించింది కూడా. ఇదే పాట స్టూడియోలో 5 నిమిషాల పైచిల్లరే కదా! ఇదంతా ముందే అనుకుని వాయించారా, అక్కడికక్కడ అల్లేశారా? నాలాంటి వాడు దేన్ని పట్టుకుని వినాలి? వీడియో ఉంటే అది కూడా చెప్పండి.

గాజుసీసా

బ్రో, నువ్వు చివరి పాటతో కుస్తీ పట్టావు, దానికంటే ముందు ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్ పట్టుకో. 13 నిమిషాలు, పాడేది ఏమీ లేదు, దారి చాలా క్లియర్‌గా ఉంటుంది. మొదట డికీ బెట్స్ గిటార్ వాల్యూమ్ నాబ్ తిప్పుతూ ఒక్కో స్వరం ఊదినట్టు తెస్తాడు, వయొలినా అని డౌట్ వస్తుంది. తర్వాత రెండు గిటార్లూ కలిసి ట్యూన్ వాయిస్తాయి, ఒకటి పైన ఒకటి కింద. ఆ తర్వాత వరసగా డికీ సోలో, గ్రెగ్ ఆల్‌మన్ హామండ్ ఆర్గాన్ (కీబోర్డు లాంటిది), ఆఖర్న రెండో గిటారిస్ట్ డువాన్ ఆల్‌మన్. డువాన్ ఎంత తాపీగా మొదలెడతాడో చూడు, కంగారు లేదు, ఒకే ముక్కని తిప్పి తిప్పి వాయిస్తూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు, వెనక బుచ్ ట్రక్స్, జైమో ఇద్దరు డ్రమ్మర్లు కూడా అతనితో పాటే లేస్తారు. ఎక్కువమంది గిటార్ వాళ్లనే వింటారు గానీ నన్నడిగితే రెండోసారి బెరీ ఓక్లీ బేస్ ఒక్కటే వినాలి. నీ పేరులోనే బేస్ ఉంది కాబట్టి నీకు చెప్పక్కర్లేదు, అతను ఊరికే వెనక నిలబడి వాయించే రకం కాదు, మూడో గిటార్ లాగా మధ్యలో దూరతాడు.

ప్లాన్ సంగతి: మొదలు, మధ్యలో కలుసుకునే చోట్లు, ముగింపు ఇవి ఫిక్స్. మిగతాదంతా ఆ రాత్రి ఎలా కుదిరితే అలా. డువాన్ బుర్రలో అప్పుడు మైల్స్ డేవిస్, కోల్ట్రేన్ తిరుగుతున్నారు, అందుకే ఇది బ్లూస్ బ్యాండ్ జాజ్ వాళ్ల పద్ధతిలో వాయించినట్టు ఉంటుంది. సదరన్ రాక్ అని లేబుల్ వేస్తే గ్రెగ్‌కి నచ్చేది కాదు, రాక్ పుట్టిందే అమెరికా సౌత్‌లో అయితే మళ్లీ సదరన్ ఏంటి అనేవాడు.

నువ్వు చెప్పిన స్లయిడ్ ఉంది చూశావా, అది డువాన్ జలుబు మాత్రల ఖాళీ గాజుసీసా వేలికి తొడుక్కుని తీగల మీద జారుస్తూ వాయించింది. కోరిసిడిన్ అని మాత్ర పేరు. నా ఐడీ అక్కడిదే.

వీడియో: ఈ 1971 మార్చి షోలది కాదు గానీ, 1970 సెప్టెంబర్‌లో అదే హాల్లో టీవీ కోసం తీసింది ఒకటి ఉంది, వెతికితే దొరుకుతుంది. వేళ్లు చూడాలంటే అదే.

తాళం_తప్పదు

నేను మృదంగం నేర్చుకున్నవాణ్ణి, రాక్ సంగతి అంతంతమాత్రం, కానీ విప్పింగ్ పోస్ట్ గురించి ఒక్కటి చెప్తా. మొదట్లో బేస్ ఒంటరిగా వస్తుంది కదా, దాన్ని నాలుగు నాలుగుగా లెక్కపెడితే కచ్చితంగా జారిపోతారు. అది 11. చేత్తో వేసుకుంటూ తకిట తకిట తకిట తక, తకిట తకిట తకిట తక అనుకోండి, అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. గ్రెగ్‌కి ఇది 11 అని రాసేటప్పుడు తెలీదట, మూడు మూళ్లు, మళ్లీ మొదటికి దూకడానికి ఒక రెండు, అంతే అనుకున్నాడట. తెలిసి కూర్చిన లెక్క కాదు కాబట్టే వినేటప్పుడు లెక్కలా అనిపించదేమో. పాడే చోట మాత్రం మామూలు నడక, అక్కడ లెక్క మానేసి హాయిగా వినొచ్చు.

ఇక మీరు ట్యూనింగ్ అనుకున్న చోటు, అక్కడ తాళం వదిలేశారు. మా కచేరీల్లో ఆలాపన మొదట ఉంటుంది, వీళ్లు పాట నడుమన పెట్టుకున్నారు, అంతే తేడా. ఒకరు చిన్న ముక్క వదులుతారు, ఇంకొకరు అందుకుంటారు, ఒకచోట పిల్లల పాట ఫ్రేర్ జాక్ ట్యూన్ కూడా తొంగి చూస్తుంది. చివర్లో గ్రెగ్ గొంతు తిరిగి వచ్చేటప్పటికి మీరు ఇంకా వింటూ ఉంటే ఆ అరుపు మామూలుగా తగలదు.

వరంగల్_వినైల్

అన్నీ మంచిగనే చెప్తున్రు గని ఒక మాట. లైవ్ లైవ్ అంటరు, ఇది ఒక్క రాత్రిది కాదు. మార్చి 12, 13 రెండు రోజులు, రోజుకు రెండు షోలు, అండ్లకెల్లి ఏరుకున్నయి ఇవి. యూ డోంట్ లవ్ మీ అయితే రెండు వేరే వేరే షోల ముక్కలు కలిపి అతికిచ్చిన్రు, స్టార్మీ మండేల మౌత్ ఆర్గాన్ సోలో కోసి పడేసిన్రు. నాకు ఆల్బమ్ ఇష్టమే, నా దగ్గర రికార్డు కూడా ఉన్నది, గని దేవుడే దిగొచ్చి ఒక్క టేక్‌ల వాయించిండు అన్నట్టు మాట్లాడితే నవ్వొస్తది.

గాజుసీసా

@వరంగల్_వినైల్ అన్నా, కత్తిరించిన మాట నిజమే, ఎవరూ దాచలేదు. కానీ కత్తిరింపు వేరు, తర్వాత స్టూడియోలో కూర్చుని తప్పులు దిద్దుకోవడం వేరు. ప్రొడ్యూసర్ టామ్ డౌడ్ అప్పుడే ఘానాలో సోల్ టు సోల్ సినిమా పని చూసుకుని న్యూయార్క్‌లో దిగాడు, దిగి తిన్నగా ఈ రికార్డింగ్ ట్రక్కులోకి. చూస్తే స్టేజ్ మీద శాక్సోఫోన్ వాళ్లు కూడా ఉన్నారు, శ్రుతి కలవట్లేదు, వాళ్లని దింపెయ్ అని డువాన్‌కి చెప్పేశాడు. షో అయ్యాక బ్యాండ్ అంతా బీర్లు, సాండ్‌విచ్‌లు పట్టుకుని అట్లాంటిక్ స్టూడియోకి పోయి ఆ రాత్రిదంతా వినేవాళ్లు, ఏది బాగా వచ్చింది, రేపు ఏది మళ్లీ వాయించాలి అని. అంటే తప్పు దిద్దుకున్నది కూడా స్టేజ్ మీదే అన్నమాట. కోతల్లేకుండా కావాలంటే 2014లో ఆ షోలు మొత్తం ఆరు సీడీల సెట్టుగా వచ్చాయి, పోల్చి చూసుకో.

ఇంకో తమాషా, ఆ షోల పోస్టర్ మీద పెద్ద పేరు వీళ్లది కాదు, జానీ వింటర్‌ది. ఎల్విన్ బిషప్ కూడా ఉన్నాడు. వీళ్లని ఎక్స్‌ట్రా యాడెడ్ అట్రాక్షన్ అని వేశారు! 13వ తేదీ చివరి షో బాంబు బెదిరింపు వల్ల లేటయి, అయ్యేసరికి పొద్దున ఆరు.

అట్లాంటా_బాబాయ్

మేముండేది అట్లాంటాలోనే కాబట్టి నా వంతు. ఐ-75 మీద దక్షిణానికి గంటన్నర వెళ్తే మేకన్, వీళ్ల ఊరు. ఆల్బమ్ కవర్ మీద ఇటుక గోడ ముందు పెట్టెలు పేర్చి అందరూ పగలబడి నవ్వుతుంటారు చూడండి, ఆ ఫొటో న్యూయార్క్‌ది కాదు, మేకన్‌లో జిమ్ మార్షల్ తీసింది. వెనక అట్ట మీద రోడీలు, అంటే బ్యాండ్ సామాను మోసేవాళ్లు, అవే పెట్టెల దగ్గర బీరు డబ్బాలు పట్టుకుని ఉంటారు. మోసినవాళ్లకి వెనక అట్ట మొత్తం ఇచ్చిన బ్యాండ్ నాకు ఇంకోటి గుర్తు రావట్లేదు.

బ్యాండ్ కాపురమున్న ఇల్లు వైన్‌విల్ అవెన్యూలో ఇప్పుడు మ్యూజియం, బిగ్ హౌస్ అంటారు. ఊళ్లోనే రోజ్ హిల్ శ్మశానం, ఎలిజబెత్ రీడ్ అనే పేరు డికీ అక్కడి సమాధి రాయి మీద చూసి పెట్టుకున్నదే. ఆల్బమ్ 1971 జులైలో వచ్చింది, అక్టోబర్ 29న డువాన్ మేకన్‌లో మోటార్‌సైకిల్ యాక్సిడెంట్‌లో పోయాడు, 24 ఏళ్లు. ఏడాది తిరిగిందో లేదో ఓక్లీ కూడా అలాగే, అదే వయసు, ఆ చోటుకి దగ్గర్లోనే. ఇద్దరూ రోజ్ హిల్‌లోనే ఉన్నారు. 2017లో గ్రెగ్‌ని కూడా అక్కడే పెట్టారు. మా ఆవిడకి ఈ పాటలు పడవు, శ్మశానానికి టూరేంటండీ అని కార్లోనే కూర్చుంది, తర్వాత తనే దిగొచ్చి ఫొటోలు తీసింది.

బెజవాడ_బేస్

అందరికీ థాంక్స్. తకిట పద్ధతి పనిచేసింది @తాళం_తప్పదు గారూ, బేస్ తీసి నేనూ వాయించి చూశా, వేళ్లకి ఈజీనే గానీ కాలు మాత్రం నాలుగే కొడుతోంది. ఎలిజబెత్ రీడ్ ఇప్పుడు రిపీట్‌లో ఉంది. ఒక్క డౌట్, విప్పింగ్ పోస్ట్ అయిపోయాక చప్పట్ల మధ్య ఏదో కొత్త ట్యూన్ మొదలై సౌండ్ తగ్గిపోతుంది, అదేంటి?

వరంగల్_వినైల్

అది మౌంటెన్ జామ్ తమ్మీ. ఇదే హాల్ల రికార్డు చేసిన్రు గని 33 నిమిషాలు, ఇండ్ల జాగా లేక 1972ల ఈట్ ఎ పీచ్ ఆల్బమ్‌ల పెట్టిన్రు. ఫోన్‌ల వింటే ఒక్క పాటనే. రికార్డు కొంటే మాత్రం చూసుకో, సగం రెండో సైడు మీద, సగం నాలుగో సైడు మీద ఉంటది, నడుమ లేచి డిస్క్ మార్చాలె.