రెండో టచ్ స్క్రీన్‌కి ఏ కేబుల్ వాడాలి? హెచ్‌డీఎంఐ పెడితే బొమ్మ వస్తోంది, టచ్ రావట్లేదు

మల్కాజిగిరి మాస్టారు:
పదో తరగతి పిల్లలకి ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్తాను. స్టెప్పులు రాసి చూపించడానికి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకునే 15.6 అంగుళాల టచ్ మానిటర్ తీసుకున్నాను, ఫుల్ హెచ్‌డీ. దానికి ఒక మినీ హెచ్‌డీఎంఐ, రెండు యూఎస్‌బీ-సి పోర్టులు ఉన్నాయి. ఒక సి పోర్టుకి చార్జర్ పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ ఇచ్చాను. బొమ్మ శుభ్రంగా ఉంది కానీ వేలు పెడితే ఏమీ కదలడం లేదు. షాపులో అడిగితే 2.1 హెచ్‌డీఎంఐ కేబుల్ కొనమంటున్నారు. కొనమంటారా?

నాచారం సర్వీస్:
వద్దు మాస్టారూ, ఆ డబ్బులు దండగ. ఎంత ఖరీదైన హెచ్‌డీఎంఐ కొన్నా టచ్ రాదు. అందులో బొమ్మ, శబ్దం మానిటర్‌కి వెళ్తాయి, అంతే. మీ వేలు ఎక్కడ పడిందో ల్యాప్‌టాప్‌కి చెప్పే పని యూఎస్‌బీది. కంప్యూటర్‌కి టచ్ కూడా మౌస్, కీబోర్డు లాంటి పరికరమే. 2.1 అనేది 4కె 120 హెర్ట్జ్, 8కె లాంటి వాటికి కావాలి. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కి మీ దగ్గరున్న పాత కేబులే సరిపోతుంది. అది అలాగే ఉంచి, ఖాళీగా ఉన్న సి పోర్టు నుంచి ల్యాప్‌టాప్ యూఎస్‌బీకి ఒక మామూలు డేటా కేబుల్ ఇవ్వండి.

డేటా కేబుల్ అని ఎందుకు అంటున్నానంటే, చౌక కేబుళ్లలో కొన్నిటికి లోపల కరెంటు తీగలే ఉంటాయి. మీ ఫోన్‌కి పెట్టి చూడండి. ఫోన్‌లోని ఫోటోలు కంప్యూటర్‌లో తెరుచుకుంటే ఆ కేబుల్ పనికొస్తుంది.

కోఠి బిల్లింగ్:
నేను షాపుల్ల బిల్లింగ్ మెషిన్లు పెడ్త. బేగంబజార్ల పాత షాపుల్ల ఇప్పటికీ వీజీఏ టచ్ మానిటర్లు నడుస్తున్నయ్. వాటికి కూడా వీజీఏ వైరు పక్కపొంటి ఇంకో వైరు ఉంటది, టచ్ కోసం. బొమ్మకొకటి, టచ్‌కొకటి. ఎప్పటిసంది ఇదే లెక్క.

మల్కాజిగిరి మాస్టారు:
టచ్ వచ్చింది! చాలా థ్యాంక్సండీ. ఇప్పుడు బల్ల మీద మూడు వైర్లయ్యాయి. ల్యాప్‌టాప్‌కీ ఒక సి పోర్టు ఉంది. అన్నీ ఒక్క వైరుతో అవుతాయా?

గచ్చిబౌలి రాత్రి షిఫ్ట్:
అవుతాయి సార్, కానీ రెండు చూసుకోవాలి.

మొదటిది మీ పోర్టు. సి ఆకారంలో ఉన్న ప్రతి పోర్టూ బొమ్మ ఇవ్వదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తు గానీ ఉంటే ఇస్తుంది. ఏ గుర్తూ లేకపోయినా ఇచ్చేవి ఉన్నాయి. అందుకే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు పూర్తిగా కొట్టి, కంపెనీ సైటులో 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' (సి పోర్టులోంచి బొమ్మ పంపే పద్ధతి) అన్న మాట ఉందేమో చూడండి. ఒకే పేరుతో అమ్మే సిరీస్‌లో కూడా ఒక మోడల్‌కి ఉండి ఇంకోదానికి ఉండదు.

రెండోది కేబుల్. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సి కనెక్టర్‌లో 24 పిన్నులుంటాయి. బొమ్మ హైస్పీడ్ జతల మీద వెళ్తుంది, టచ్ మాత్రం యూఎస్‌బీ 2.0 జత మీద వస్తుంది. ఫోన్ చార్జర్‌తో వచ్చే కేబుళ్లలో చాలావాటికి ఆ హైస్పీడ్ తీగలే వేయరు. అలాంటి కేబుల్ పెడితే మానిటర్ వెలుగుతుంది, టచ్ కూడా పనిచేయొచ్చు, కానీ బొమ్మ మాత్రం రాదు. మీ హెచ్‌డీఎంఐ సమస్యకి ఇది సరిగ్గా తిరగేసిన కేసు. డబ్బా మీద 100 వాట్లు, 240 వాట్లు అని చూసి కొనకండి, అది చార్జింగ్ సంగతి. డేటా వేగం 10 జీబీపీఎస్ గానీ, అంతకంటే ఎక్కువ గానీ రాసున్నది, ఒక మీటరు పొడవుది తీసుకోండి.

వీలైతే ల్యాప్‌టాప్, మానిటర్ రెండూ పట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్లండి. కౌంటర్ మీదే పెట్టి చూపించమని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఉప్పల్ పై:
అన్నా, నా దగ్గర రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న బోర్డు కంప్యూటర్ ఉంది. దానికీ సి పోర్టుంది కదా, అదే ఒక్క వైరు పెట్టొచ్చా?

గచ్చిబౌలి రాత్రి షిఫ్ట్:
లేదు తమ్ముడూ, పై 4 సి పోర్టు నుంచి బొమ్మ రాదు, అది పవర్ కోసం. మైక్రో హెచ్‌డీఎంఐ నుంచి బొమ్మ, మామూలు యూఎస్‌బీ నుంచి టచ్ తీసుకో. మానిటర్‌కి వేరే చార్జర్ పెట్టు. పై మీదే నడిపితే బ్రైట్‌నెస్ పెంచగానే స్క్రీన్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటుంది.

నాచారం సర్వీస్:
ఇంకో మాట. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ మాత్రమే, మానిటర్‌లో సి మాత్రమే ఉన్నవాళ్లు బజార్లో దొరికే సి-టు-హెచ్‌డీఎంఐ కేబుల్‌ని తిప్పి పెడదామనుకుంటారు. మామూలుగా అవి సి వైపు నుంచి హెచ్‌డీఎంఐ వైపుకే పనిచేస్తాయి. ఎదురు దిశకి వేరే కన్వర్టర్ కావాలి, దానికి పవర్ కూడా ఇవ్వాలి. టచ్ కావాలంటే యూఎస్‌బీ కూడా కలిపే కన్వర్టరేనా అని అడిగి తీసుకోండి.

కోఠి బిల్లింగ్:
దూరం గుడ చూస్కోండ్రి. ఫుల్ హెచ్‌డీకి మంచి హెచ్‌డీఎంఐ వైరైతే 10 మీటర్లు గుడ లాగొచ్చు, గని యూఎస్‌బీ 2.0 వైరు 5 మీటర్లు దాటొద్దు. దాటితే టచ్ ఒకసారి వస్తది, ఒకసారి రాదు. కౌంటర్ దూరమైతే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్, అంటే నడుమ సిగ్నల్ పెంచే వైరు, ఏస్కోండ్రి.

మల్కాజిగిరి మాస్టారు:
నా ల్యాప్‌టాప్ పోర్టుకి ఆల్ట్ మోడ్ ఉంది. సీటీసీలో పెట్టి చూపించాకే కేబుల్ కొన్నాను. ఒక్క వైరుతో బొమ్మ, టచ్ రెండూ వచ్చాయి. అయితే మానిటర్ మీద వేలు పెడితే పాయింటర్ ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కదులుతోంది. మళ్లీ కేబులేనా?

నాచారం సర్వీస్:
కాదు, కేబుల్ బాగానే ఉంది. టచ్ ఏ స్క్రీన్‌దో విండోస్‌కి తెలియలేదు. డిస్‌ప్లే ఎక్స్‌టెండ్‌లో (రెండు స్క్రీన్లూ వేర్వేరుగా పనిచేసేలా) పెట్టి, కంట్రోల్ ప్యానెల్‌లో టాబ్లెట్ పీసీ సెట్టింగ్స్ తెరిచి, సెటప్ నొక్కండి. తెల్ల స్క్రీన్ మీద ఒక మెసేజ్ వస్తుంది. అది ల్యాప్‌టాప్ మీద వస్తే వేలు పెట్టకుండా ఎంటర్ కొట్టండి, మానిటర్ మీదికి వచ్చాక అక్కడ వేలితో తాకండి. ఈసారి క్లాసు మొదలయ్యే ముందే చేసి చూడండి మాస్టారూ.