పాత రోడ్డును గీకకుండానే కొత్త తారు వేయవచ్చా?

ప్రశ్న: మా వీధిలో పాత పొరను తీయకుండానే పైన మళ్లీ తారు వేయడంతో, ఇంటి గేటు కంటే రోడ్డే ఎత్తయి వాన నీరు లోపలికి వస్తోంది. ఇది సరైన పద్ధతేనా?

మొదటి జవాబు: ఇళ్లున్న వీధుల్లో కాదండీ. మిల్లింగ్ యంత్రంతో పాత పొరను గీకి, దుమ్ము ఊడ్చి, పలుచగా తారు ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) చల్లిన తరువాతే, సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వేడిలో కలిపిన తారు, కంకర మిశ్రమాన్ని పరచి, అది చల్లారకముందే రోలర్ తిప్పాలి. ఆ ఎమల్షన్ చల్లిన వెంటనే గోధుమ రంగులో ఉంటుంది. అందులోని నీరు విడిపోయి నల్లబడే వరకు ఆగాలి. ఆగని చోట పైపొర అతుక్కోక అట్టలు అట్టలుగా లేచిపోతుంది. (ఆగే ఓపిక ఉన్న గుత్తేదారును నేనింకా చూడలేదు.)

రెండవ జవాబు: నీరు నిలవడానికి ఎత్తు ఒక్కటే కారణం కాకపోవచ్చు. రోడ్డు మధ్య నుంచి అంచులకు వాలు ఉందా, కాలువ మూతలు తారు కింద పూడిపోయాయా అన్నది కూడా చూడండి.

ప్రశ్న అడిగినవారు: రెండు మూతలు కనబడడం లేదు. ఫొటోలతో రేపే ఫిర్యాదు ఇస్తాను.

మొదటి జవాబు: గేటు దగ్గర టేపు పెట్టి, ఎత్తు తేడా కనిపించేలా కూడా ఒక ఫొటో తీయండి.