క్యారవాన్ ప్లగ్ పెట్టే ముందు సాకెట్‌లో ఏమేమి చూడాలి?

ప్రశ్న – హన్మకొండ నుంచి
అందరికీ నమస్కారం. మా టెంపో ట్రావెలర్‌ను క్యారవాన్‌గా మార్పించుకున్నాము. అందులో ఒక ఏసీ, చిన్న ఫ్రిజ్, బ్యాటరీ ఛార్జర్ ఉన్నాయి. రామప్ప గుడి చూసుకొని లక్నవరం దగ్గర రాత్రికి ఆగాలని అనుకుంటున్నాము. బస చేసే చోట బయటి గోడకు 16 ఆంపియర్ల సాకెట్ ఉందట. టెస్టర్ పెట్టి చూసి, లైటు వెలిగితే ప్లగ్ పెట్టేయవచ్చునా?

జవాబు – కాజీపేట, వైరింగ్ పని చేస్తాను
పెట్టకండి. టెస్టర్ వెలిగితే ఆ రంధ్రంలో ఫేజ్, అంటే కరెంటు వచ్చే వైరు, ఉన్నదని తెలుస్తుంది, అంతే. లీకైన కరెంటును భూమిలోకి దింపే ఎర్త్ వైరు ఉన్నదో లేదో అది చెప్పదు. సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. వోల్టులు కొలిచే మల్టీమీటర్‌తో చూసినప్పుడు ఫేజ్, న్యూట్రల్ మధ్య 207 నుంచి 253 వోల్టుల లోపు ఉండాలి, ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఎర్త్ వైరు తెగి ఉంటే మీటరు 60 అని, 90 అని నిలకడ లేకుండా తిరుగుతుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. ఎర్త్ గుంత తవ్వే ఖర్చు మిగుల్చుకోవడానికి సాకెట్ వెనకే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకు చిన్న వైరు ముక్క కలిపేసేవారు ఉన్నారు. అలాంటి సాకెట్ పై మూడు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. అందుకే పక్క సాకెట్‌లో గీజరో, ఇస్త్రీ పెట్టో నడిపిస్తూ న్యూట్రల్, ఎర్త్ మధ్య మళ్లీ చూడండి. లోడు మీద కొంచెమైనా పెరగకుండా సున్నా దగ్గరే నిలిచిందంటే అనుమానించవలసిందే. ఆ న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే బండి బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది, టైర్లు రబ్బరువి కాబట్టి అది భూమిలోకి దిగదు, తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకున్న మనిషి గుండా దిగుతుంది.

జవాబు – నర్సంపేట
లోడు మీద వోల్టేజీ కూడా చూడండి. 230 ఉన్నది ఏసీ వేయగానే 200కు పడిపోతే, వైరు సన్నదైనా అయి ఉండాలి, ఎక్కడో జాయింటు వదులైనా అయి ఉండాలి. ఎక్స్‌టెన్షన్‌కు 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి వైరే వాడండి, చుట్టను పూర్తిగా విప్పండి; చుట్టగానే ఉంచి లోడు వేస్తే లోపలి వేడికి తొడుగు కరుగుతుంది.

జవాబు – కరీంనగర్
అమెరికాలో క్యాంపు స్థలాల్లో ప్రతి బండికీ బ్రేకర్లున్న స్తంభం ఉంటుంది. అక్కడి 30 ఆంపియర్ల సాకెట్‌లో 120 వోల్టులు రావలసి ఉండగా, పొరపాటున 240 కలిపి బండిలోని సామాన్లు కాలిపోయిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి, వాళ్లు ముందు కొలిచి, బ్రేకర్ దించి ప్లగ్ పెట్టి, ఆ తరువాతే పైకి ఎత్తుతారు. మనమూ స్విచ్ ఆపిన తరువాతే ప్లగ్ పెట్టాలి.

ప్రశ్న అడిగినవారు
సాకెట్ సరిగా లేదని తేలితే రాత్రికి ఏమి చేయాలి?

జవాబు – కాజీపేట
బ్యాటరీ మీద ఫ్యాను, లైట్లు నడుపుకోండి, ఏసీ వద్దు. బయలుదేరే ముందు బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించి, ఇంటి దగ్గరే టెస్ట్ బటన్ నొక్కి అది కిందికి పడి కరెంటు ఆపుతోందో లేదో చూసుకోండి.